లోకానికి మాలా ద్రాగా ఎంత దగ్గర

మాలా ద్రాగా రేవులో కొత్త క్రేన్లు లేచాక ఊళ్లో ఎవరి కాళ్లూ నేలమీద ఆనలేదు. కంటెయినర్ ఓడలు వరసకట్టాయి. ఏడ్రియాటిక్ సముద్రతీరంలో మనదే మొనగాడి రేవని కాఫీ కొట్లలో తీర్మానాలైపోయాయి. ఆ మాటే లెక్కకట్టించి ఓడలవాళ్ల వేలుపు సెయింట్ నికొలా పండగనాడు సభలో చెప్పించాలని రేవు అధికారి బారిచ్‌కి ముచ్చట పుట్టింది. నౌకా కళాశాలలో పాఠాలు చెప్పే నెవెంకకు ఆ పని అప్పగించాడు.

నెవెంక వచ్చే ఓడలను లెక్కపెట్టి ఊరుకోలేదు. ఇక్కడ ఎక్కించిన సరుకు పెట్టె లోకంలో ఏ రేవుకైనా చేరాలంటే దారిలో ఎన్ని ఓడలు మారాలి, ఒక ఓడ దిగి ఇంకోటి ఎక్కడానికి ఎన్నాళ్లు పడిగాపులు పడాలి, అది కొలిచింది. వేసవంతా అదే పని. తీరా చూస్తే మాలా ద్రాగా పొరుగు రేవులన్నిటికన్నా వెనకబడింది. మనసొప్పక మళ్లీ మొదటినుంచి కొలిచింది. జవాబు మారలేదు.

ఆమె తమ్ముడు దింకో ఆ క్రేన్లలో ఒకదాన్ని నడుపుతాడు. ఆదివారం సార్డీన్ చేపలు వేయిస్తూ అక్క ఈ సంగతి చెప్పగానే అతని మొహం మాడిపోయింది.

“ఊరి ఉప్పు తిని ఊరినే దించుతావా అక్కా?”

“దించడానికి నేనెవర్నిరా? ఎక్కడుందో చెప్తున్నా.”

“కాస్త పైకి జరిపితే నీ సొమ్మేం పోయింది?”

“ఊరోళ్లు చప్పట్లు కొడతార్లే. సరుకు పంపేవాడు కొట్టడు గదా. వాడు పక్క రేవుకి పోతాడు.”

దింకో తినకుండానే లేచి వెళ్లిపోయాడు. బారిచ్ కూడా పిలిపించి, కొంచెం చూసి చెప్పమని బతిమాలాడు.

సభలో నెవెంక ఉన్నదున్నట్టు చెప్పింది. వెనకనుంచి ఎవరో ఈల వేశారు. ఆమె ఆగలేదు. లోపం క్రేన్లదీ కాదు, వాటిని నడిపేవాళ్లదీ కాదంది. మన ఓడ గ్రీసులోని పెద్ద రేవుకి చేరే ముందురోజే తూర్పుదేశాలకు పోయే ఓడ వెళ్లిపోతోందనీ, మన పెట్టెలు వారమంతా అక్కడే ఎండుతున్నాయనీ పటం మీద చూపించింది. మన ఓడ రెండురోజులు ముందు కదిలితే చాలంది. ఈలలు ఆగిపోయాయి.

బారిచ్‌కి ఒళ్లు మండినా బుర్ర చల్లగానే ఉంది. చలికాలమంతా ఓడల కంపెనీ వెంటపడి, వసంతానికల్లా ఓడ బయల్దేరే రోజు మార్పించాడు. నెవెంక మళ్లీ కొలిచింది. మొదటి స్థానమేమీ రాలేదు గానీ, మాలా ద్రాగా ఇద్దరు పొరుగువాళ్లను దాటేసింది.

ఆ వేసవిలో అలా వెనకబడ్డ ఒక రేవువాళ్లు తమ రేవునూ కొలిపించుకోవాలని వచ్చారు. రేవు గేటు దగ్గర వాళ్లు దారి అడిగింది దింకోనే. అతను పని చొక్కాతోనే వాళ్లను అక్క గుమ్మందాకా తీసుకొచ్చి, అక్కడ ఆపాడు.

“ముందే చెప్తున్నానండీ. మా అక్క కొలతలో మొహమాటం ఉండదు. సొంత ఊరికే లేదు, మీకేం ఉంటుంది? ఇష్టమైతేనే లోపలికి రండి.”

లోపలినుంచి వింటున్న నెవెంక తలుపు బార్లా తీసింది. వాళ్లు నవ్వుతూ లోపలికొచ్చారు.