కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు నిండుతున్నాయని సికింద్రాబాద్‌లో దీపస్తంభానికో మైకు కట్టారు. గడియారం స్తంభం దగ్గర మొదలుపెడితే బన్సీలాల్‌పేట్ దాకా ఒకటే మోత. నలభై ఏడులో పెద్దలు చేసిన ఉపన్యాసాలు పొద్దున్నించీ తిప్పి తిప్పి వేస్తున్నారు. స్వేచ్ఛ అట, సమానత్వం అట, ఆఖరి మనిషి కన్నీరు తుడవడమట. ఎంత మంచి మాటలు! వినడానికి రెండు చెవులు చాలవు. ఆ మాటల కిందే, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా మురుగు తీసే బిక్షాన్ని చంపారు.

దిగనన్నాడు పాపం. "లోపట గ్యాస్ ఉన్నది మేస్త్రీ. జెర సేపు మూత తీసి పెట్టనీ" అని బతిమాలాడు. ఆ మేస్త్రీ పేరు పర్వతాలు, కాంట్రాక్టరు మనిషి. స్వర్ణోత్సవ సభ జరిగే మైదానం ముందు మురుగు పొంగుతోంది. మంత్రి కారు దిగేది సరిగ్గా అక్కడే.

"మంత్రి చెప్పులు ఖరాబైతే నువ్వు కడుగుతవా? దిగు. లేకుంటే రేపటి సంది పనిలకు రాకు" అన్నాడు పర్వతాలు.

నడుముకు తాడు లేదు, మూతికి గుడ్డ లేదు. ఇంట్లో ఆకలి ఉంది. బిక్షం మ్యాన్‌హోల్‌లోకి దిగాడు.

రోడ్డు ఊడుస్తున్న మార్త అంతా చూసింది. బిక్షం తల లోపలికి పోవడం చూసింది, ఆ తల మళ్ళీ పైకి రాకపోవడమూ చూసింది. "బిక్షం! ఓ బిక్షం!" అని వంగి పిలిస్తే పలుకు లేదు. ఆమె కేకకు కొడుకు లూకా పరుగెత్తుకొచ్చాడు. వాడిదీ బిక్షం పనే. తాడు కోసం అటూ ఇటూ చూశాడు. ఎక్కడుంది తాడు? ఒక్క గుంజు గుంజి మైకు వైరు తెంపి నడుముకు చుట్టుకున్నాడు. తల్లి కొంగు చింపి ఇస్తే మూతికి కట్టుకుని దిగాడు. ఆడవాళ్ళంతా చీపుర్లు పారేసి వైరు పట్టుకున్నారు. పైన సమానత్వం గురించి చెబుతున్న గొంతు సగం మాట మీద ఆగిపోయింది. కింద నుంచి బిక్షం శవం పైకొచ్చింది.

"ఎవడో తాగి పడ్డాడు. మా మనిషి కాడు" అన్నాడు కాంట్రాక్టరు. పోలీసులు కేసు రాశారు. ఎవరి మీద అనుకున్నారు? లూకా మీద, మైకు వైరు తెంపినందుకు! మనిషి పోతే లెక్క లేదు గాని వైరు పోతే నేరమైంది.

ఆ సాయంత్రం బస్తీ అంతా పాత మెట్లబావి దగ్గర కూడింది. బావి అన్న పేరే గాని దాని నిండా ఊరి చెత్తే. బిక్షం భార్య లచ్చమ్మ మధ్యలో కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది.

పాస్టరు అబ్రహాం గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ బస్తీలోనే ముసలివాడైన మనిషి. "మనం పేదోళ్ళం నాయనా. సర్కారుతో పెట్టుకుంటే ఏమవుద్దో మీకు తెల్దా? వినతిపత్రం ఇద్దామండి, ప్రార్థన చేద్దామండి" అన్నాడు.

"ఇంకెన్ని ఇయ్యాలె అయ్యగారూ?" శ్యామలమ్మ లేచింది. "నా మొగడు గిట్లనే పోయినప్పుడు సుత ఇచ్చినం. ఏమొచ్చింది? నాకు చీపురొచ్చింది."

అప్పుడు లూకా మాట్లాడాడు. "అందరి స్పీచులు ఏసిండ్రు. బాబాసాహెబ్‌ది మాత్రం ఎయ్యలె. రాజ్యాంగం రాసి మన చేతుల పెట్టేటప్పుడు ఆయన ఏం చెప్పిండు? ఓటు కాడ అందరం సమానమే, బతుకు కాడ కాదు అన్నడు. గీ తేడా జల్ది తియ్యకుంటే, తక్లీఫ్ పడేటోళ్ళే ఒకనాడు గీ ఇల్లంత కూలగొడతరు అన్నడు. యాభై ఏండ్లు కావస్తున్నది. మనం కూలగొట్టినమా? లే. గా ఇల్లునే ఊడుస్తున్నం!"

ఆ మాటలు మార్తకు కొత్త కావు. వాడు రాత్రి బడిలో నేర్చుకొచ్చి, ఆమె పొయ్యి ముందు కూర్చుంటే అప్పజెప్పేవాడు. "నాకెందుకురా నీ స్పీచు, అన్నం తిను" అని కసురుకునేది. కసురుకుంటూనే ప్రతి మాటా వినేది. ఈ పూట వందమంది నోళ్ళు తెరిచి వింటుంటే ఆమెకు కడుపు నిండిపోయింది, వెంటనే భయమూ వేసింది.

తాడూ మాస్కూ లేనిదే మనిషి దిగడు, బిక్షం పని లచ్చమ్మకు ఇవ్వాలి, అప్పటిదాకా ఎవరూ చీపురు ముట్టరు. అదీ తీర్మానం. పదిహేనో తారీఖు పొద్దున గడియారం స్తంభం దగ్గర కూర్చుందామన్నారు.

ఆ బస్తీలో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళి చూపులైనా, యూనియన్ మీటింగైనా ముందు మార్త ప్రార్థన చెయ్యాల్సిందే. మల్లన్నకు మొక్కేవాళ్ళు కూడా ఆమె గొంతు వింటే తల వంచి కళ్ళు మూసుకునేవాళ్ళు. "మార్తక్క షురూ జేస్తే పొయ్యి మీద అన్నం మాడాల్సిందే" అని నవ్వుకునేవాళ్ళు కూడా. యూనియన్ ఆఫీసువాళ్ళు విసుక్కుంటే లూకా ఒకటే అనేవాడు: "మా అమ్మ ప్రార్థన లేకుంటే ఆడోళ్ళు ఒక్కరు రారన్నా. ముందు ఆమె, ఎనక నేను."

ఆ రోజూ అంతే. గడియారం స్తంభం చుట్టూ జనం నిలబడ్డారు, జనం చుట్టూ లాఠీలు నిలబడ్డాయి. ఇన్‌స్పెక్టరు మెత్తగా వచ్చాడు. "ప్రార్థన చేసుకోండమ్మా. దేవుడి పనికి మేం అడ్డం రాం" అంటూ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

మార్త మనసు కరిగిపోయింది. "మంచోడు లెక్కనే ఉన్నడురా" అంది కొడుకుతో.

"జల్ది కానియ్యి అమ్మా" అన్నాడు లూకా. అని, తల్లి పక్కనే తల వంచి కళ్ళు మూసుకున్నాడు.

"అందరు కళ్ళు మూసుకోండ్రి" అంది మార్త. అందరూ మూసుకున్నారు. బిక్షం పిల్లల కోసం అడిగింది, లచ్చమ్మ కోసం అడిగింది. తర్వాత, ప్రతి ఆదివారం అడిగినట్టే, అధికారుల కోసం అడిగింది. "ఈ పోలీసోళ్ళు సుత తల్లుల పిల్లలే తండ్రీ. పొద్దటి సంది నిలబడి కాళ్ళు గుంజుతుంటయి. ఆళ్ళకు మంచి మనసియ్యి..."

అప్పుడు కొట్టారు!

వంచిన తలల మీద కొట్టారు. మూసిన కళ్ళ మీద కొట్టారు. ఎటు నుంచి పడుతోందో తెలియక జనం ఒకరి మీద ఒకరు కూలిపోయారు. మార్త కళ్ళు తెరిచేసరికి లూకా ఆమె పాదాల దగ్గర పడి ఉన్నాడు. తల వెనుక దెబ్బ. ఆమె నోట ఆమెన్ ఇంకా రాలేదు.

మధ్యాహ్నానికి ఆసుపత్రిలో లూకా ప్రాణం పోయింది. అప్పటికి మైకులకు కొత్త వైరు వేసేశారు. కిటికీలోంచి మంత్రి ఉపన్యాసం వినబడుతూనే ఉంది.

"నా నోరే నా కొడుకును మింగింది" అని మార్త గుండెలు బాదుకుంది. "కళ్ళు మూయమన్నది నేనే. జల్ది కానియ్యి అన్నడు, ఇనలే. కొట్టేటోళ్ళ కోసం దేవుణ్ణి అడుగుకుంట కూసున్న..."

లచ్చమ్మ ఆమెను గట్టిగా పట్టుకుంది. బిక్షం పోయిన నాడు పోయిన ఆమె గొంతు ఇప్పుడు పెగిలింది. "నీ పాపం కాదక్కా. కళ్ళు మూసుకున్నోళ్ళ మీద చెయ్యెత్తినోళ్ళ పాపం."

మర్నాడు లూకాను సమాధుల తోటకు తీసుకెళ్ళారు. పద్మారావు నగర్ నుంచి, కాప్రా నుంచి కూడా చీపుర్లు పట్టే చేతులన్నీ వచ్చాయి. గేటు దగ్గర మళ్ళీ అదే ఇన్‌స్పెక్టరు, వెనుక అవే లాఠీలు. పెట్టెను గుంట పక్కన దించారు. ఇన్‌స్పెక్టరు టోపీ తీశాడు.

అబ్రహాం అయ్యగారు బైబిలు తెరిచి మొదలుపెట్టాడు. "తలలు వంచి, కన్నులు మూసుకుని..."

"వద్దయ్యగారూ." మార్త ముందుకొచ్చింది. "ఎవ్వరు కళ్ళు మూయకుండ్రి. తల ఎత్తుండ్రి. దేవుడు మన కళ్ళు సుత చూడనీ."

ముసలి పాస్టరు బైబిలు మూశాడు. దాన్ని గుండెకు ఆనించుకుని, తలెత్తి గేటు వైపు తిరిగాడు. ఆయన వెనకే జనమంతా తిరిగారు.

"తండ్రీ" అంది మార్త, ఇన్‌స్పెక్టరును చూస్తూ. "అధికారుల కోసం ఇయ్యాల సుత అడుగుతున్న. నా కొడుకును కొట్టిన చెయ్యి ఏదో నాకు తెల్వదు, కళ్ళు మూసుకొని ఉన్న. నీకు తెలుసు. దాన్ని మర్చిపోకు. మమ్మల్ని మర్చిపోనియ్యకు."

తర్వాత పొయ్యి ముందు విన్న మాటలు ఆమె నోట వచ్చాయి. ఓటు కాడ సమానమే, బతుకు కాడ కాదు. ఆమె ఒక మాట అంటే జనం ఆ మాటే తిరిగి అన్నారు. ఏడుస్తూనే అన్నారు. అమ్మ తర్వాత లూకా చెప్పాల్సిన ఉపన్యాసం అది. ఇప్పుడు దాన్ని వందల గొంతులు చెబుతుంటే గేటు దగ్గర పోలీసులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆమెన్" అన్నారు అందరూ. ఒక్క రెప్ప వాలలేదు.

పిడికెడు మన్ను కొడుకు మీద వేసి, ఆ మట్టి చెయ్యి తుడుచుకోకుండానే మార్త గేటు దాకా నడిచింది. ఇన్‌స్పెక్టరు ముందు ఆగింది.

"రేపు పొద్దుగాల మళ్ళ గడియారం కాడ నిలబడతం సారూ. ప్రార్థన నేనే చేస్తా. నువ్వు టోపీ తియ్యకు. మేం చూస్తనే ఉంటం."