చుట్టం కాని పాఠకుడు కావలెను

మా కొండల ఊరు నరీన్‌లో పుస్తకం అమ్ముడుపోదు. ఇది ఫిర్యాదు కాదు, ఫిర్యాదు చేసే ఓపిక నాకెప్పుడో అయిపోయింది. ఎవరైనా సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసుకుంటే మా దగ్గర జరిగేది ఒక్కటే. ముందు గొర్రెను కోయాలి. హాలు మాట్లాడాలి. చుట్టాలంతా వస్తారు, కడుపునిండా తింటారు, ఒక్కొక్కరే లేచి తాము చదవని పుస్తకం గురించి కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడతారు. రచయిత భుజాల మీద మఖ్మలు చపాన్, అంటే మా పొడవాటి పైకోటు, కప్పుతారు. పోతూ పోతూ తలా ఒక పుస్తకం సంతకంతో సహా పట్టుకుపోతారు. చుట్టాన్ని పుస్తకానికి డబ్బులడగడం అంటే ఇంటికొచ్చినవాణ్ణి టీకి డబ్బులడిగినట్టే. ఇంటికెళ్ళాక ఆ పుస్తకం అద్దాల బీరువాలో పింగాణీ సామాను పక్కన నిలబడుతుంది. ఆ తర్వాత దుమ్ము దులపడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు.

నా నవల 'మా అమ్మ మంద'కూ అదే గతి పట్టింది. మా వీధిలో ఏ ఇంటికెళ్ళినా బీరువాలోంచి నావంకే చూస్తుంటుంది, లోపల కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. నాకు మిగిలినవి చపాన్లు. వాటిలో ఒకదాన్ని కత్తిరించి కుర్చీలకు దిండ్లు కుట్టుకున్నాను. నా పేరు జూరాకాన్. ఉద్యోగమంతా బస్‌స్టేషన్ కిటికీ వెనక కూర్చుని టిక్కెట్లు అమ్మాను. అడగనివాళ్ళకు కూడా టిక్కెట్లు అంటగట్టినదాన్ని, ఒక్క పుస్తకం అమ్మలేకపోయాను.

ఇప్పుడు రెండో నవల తయారైంది. అచ్చు వేయాలా వద్దా, సోమవారానికల్లా చెప్పమన్నాడు ప్రెస్సాయన. నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. చుట్టం కాని మనిషి ఒక్కరంటే ఒక్కరు, నా మొహం చూసి కాకుండా పుస్తకం చూసి, డబ్బు పెట్టి కొనాలి. కొంటే రెండోది వేయిస్తాను. లేకపోతే వద్దని చెప్పేసి ఇక కలం ముట్టను. ఈ మాట పైకి కూడా అనేశాను కాబట్టి వెనక్కి తీసుకునే దారి లేదు.

అయితే చుట్టం కాని మనిషి దొరకడమే కష్టం. మావాళ్ళు ఇద్దరు కొత్తగా కలిస్తే టీ చల్లారేలోపు ఏడు తరాల తాతల పేర్లు చెప్పుకుంటారు. ఎక్కడో ఒకచోట ముడి పడుతుంది. పడిందా, ఇక అది అమ్మకం కాదు, విందు. అందుకే కనుమ దాటి, సరస్సు అవతల కరకోల్‌లో జరిగే యాపిల్ సంతకు బయల్దేరాం. మేమంటే నేనూ, నాలాగే చేతి చమురు వదిలించుకున్న మరో ఇద్దరూ. కారు తెచ్చింది ఇషెనాలీ అన్న. కాలువల శాఖలో పనిచేసి రిటైరయ్యాక డిటెక్టివ్ నవలలు రాస్తున్నాడు. వెనక సీట్లో పుస్తకాల అట్టపెట్టెల మధ్య ఇరుక్కున్నవాడు జూమాదిల్. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని సభ నడిపించే మనిషి, కవి కూడా.

"నా పుస్తకం రెండో ముద్రణకి వెళ్తోందక్కా," అన్నాడు జూమాదిల్ కనుమ ఎక్కుతుండగా.

"మొదటిదెప్పుడయిపోయింది?"

"మొన్న గ్యారేజీలోకి నీళ్ళొచ్చాయిగా. అప్పుడయిపోయింది."

ఇషెనాలీ అన్న నవ్వలేదు. ఆయన బాధ వేరు. ఆయన పుస్తకాలు జనం చేతిలోకి తీసుకుంటారు, నిలబడే చివరి పేజీ తిప్పుతారు, "ఓహో, వీడా చంపింది" అనుకుని అక్కడే పెట్టిపోతారు. ఒళ్ళు మండి ఆయన ఈసారి ప్రతి కాపీలోనూ చివరి పేజీలకు పిన్నులు కొట్టాడు.

"ఇప్పుడేమంటున్నారో తెలుసా?" అన్నాడు స్టీరింగ్ మీంచి చూపు తిప్పకుండా. "చినిగిపోతే కుట్టిన కాపీ కదా, తగ్గించి ఇవ్వమంటున్నారు."

నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చింది. మాకు మిగిలిన లాభం ఈ నవ్వొక్కటే. అది కూడా ఈ మధ్య తొందరగా అలిసిపోతోంది.

"ఇదిగో, ఇద్దరూ వినండి," అన్నాను. "అక్కడ ఎవర్నీ ఊరు అడగొద్దు. తండ్రి పేరు అడగొద్దు. తాతల జోలికసలే పోవద్దు."

"మరి మనిషితో ఏం మాట్లాడతారక్కా?" జూమాదిల్ నిజంగానే కంగారుపడ్డాడు.

"వెల చెప్పు. చెప్పి నోరు మూసుకో."

సంతలో మాకు తేనె అమ్మేవాడికీ ఉన్ని మేజోళ్ళ ఆవిడకీ మధ్య బల్ల దొరికింది. తేనె పోతోంది, మేజోళ్ళు పోతున్నాయి. మా దగ్గరికొచ్చినవాళ్ళు మరుగుదొడ్డి ఎటని అడిగారు. ఒకావిడ బల్ల మీద పరిచిన గుడ్డ బాగుందని దాని వెల అడిగింది. ఒకాయన యాపిల్ సంచి నా పుస్తకాల మీద దించి, చెమట తుడుచుకుని, మళ్ళీ భుజానికెత్తుకుని పోయాడు. ఇంకొకాయన మాత్రం అట్ట మీది పేరు కూడబలుక్కుని చదివాడు. నేను లేచి నిలబడ్డాను.

"గాలికుంటుకి మందు ఇందులో ఉందా?"

"లేదండీ. ఇది గొర్రెల వైద్యం కాదు. మా అమ్మ కథ."

"ఆవిడకి మందులు తెలుసా?"

"తెలీదు. అందుకే మంద సగం పోయింది."

"అలాంటావిడ గురించి చదివి నేనేం బాగుపడతానమ్మా?" అని వెళ్ళిపోయాడు. ఇషెనాలీ అన్న మొహం పక్కకు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఇంతకంటే నిజాయితీ ఉన్న సమీక్ష మా హాల్లో ఒక్కరూ చేయలేదు.

మధ్యాహ్నం దాటాక జూమాదిల్‌కి బేరం తగిలింది. ఒక కుర్రవాడు, పెళ్ళి కుదిరినట్టుంది, ఆ పిల్లకివ్వడానికి ప్రేమ కవితలు కావాలన్నాడు. వెల అడిగాడు, ఐదు వందల సోమ్‌ల నోటు తీశాడు. నోటు జూమాదిల్ చేతిలోకి వచ్చేసింది కూడా. అప్పుడు ఆ నోరు ఊరుకోలేదు.

"ఎవరబ్బాయివి నాన్నా నువ్వు?"

నేను బల్ల కింద కాలు తొక్కాను. లాభం లేదు. వాడు జూమాదిల్ వదినగారి మేనల్లుడని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. నోటు వెనక్కి వెళ్ళింది. కౌగిలింతలయ్యాయి. వాళ్ళమ్మకని ఇంకో పుస్తకం, పెళ్ళికూతురికని పక్క బల్ల మీంచి తేనె సీసా కూడా ఆ సంచిలోకి వెళ్ళాయి.

"ఒక్క అమ్మకానికి ఇంత నష్టమా!" అన్నాను కడుపుమండి. "నీ నోటికి ఇషెనాలీ అన్న పిన్నులు కొట్టాలి."

"అలవాటక్కా. అడక్కుండా ఎలా ఉంటావు చెప్పు? గాడిదలా నిలబడమంటావా?"

"అవును. గాడిదలా నిలబడు."

పొద్దు వాలుతుంటే సరస్సు మీంచి గాలి మొదలైంది. మేజోళ్ళావిడ సర్దుకోవడం మొదలుపెట్టింది. నేనూ మనసులో సర్దుకున్నాను. సోమవారం ప్రెస్సాయనకు ఫోన్‌లో ఏ గొంతుతో వద్దని చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు, పడుకోవాలనిపించింది, అంతే.

అప్పుడొచ్చిందా అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయేమో, తలకు రుమాలు, చేతిలో కూరల సంచి. నా పుస్తకం తీసి మధ్యలో ఎక్కడో తెరిచింది. చదివింది. పేజీ తిప్పింది. సంచి కాళ్ళ మధ్య దించి, గాలికి కాగితం లేవకుండా బొటనవేలితో అదిమిపట్టి మళ్ళీ చదివింది. ఏదో చోట ఆగి, ఒకసారి నా మొహంలోకి చూసింది. మళ్ళీ తల దించుకుంది. నేను తేనె సీసాల వంక చూస్తూ కూర్చున్నాను. జూమాదిల్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"ఎంతమ్మా ఇది?"

చెప్పాను. బేరమాడలేదు. నోట్లు తీసి నా చేతిలో పెట్టింది. నిజమైన అమ్మకం! సంతకం చేద్దామని కలం తీశాను, సంతోషంలో ఒళ్ళు తెలియలేదు, నోరు జారిపోయింది.

"ఎవరమ్మాయివి తల్లీ?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. జూమాదిల్ చేతుల వెనక నుంచి చిన్న కూత వినిపించింది. ఆ అమ్మాయి ఎందుకో తటపటాయించింది.

"ఐగానిష్ అని రాయండి," అంది. అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దదాన్ని అడిగాను కదా, జవాబు చెప్పకపోతే మర్యాద కాదు. "తోసోర్‌లో ఉండే సాతార్ మనవరాల్ని."

సాతార్. మా అమ్మకు పినతండ్రి కొడుకు, నాకు మేనమామ. పెళ్ళయ్యాక సరస్సు ఒడ్డుకు వలసపోయాడు, తర్వాత రాకపోకలు లేవు. నేను తల ఎత్తలేదు. 'ఐగానిష్‌కు, శుభాకాంక్షలతో' అని ముక్కూమొహం తెలియనివాళ్ళకు రాసినట్టే రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి కూడా నా కళ్ళలోకి చూడకుండా పుస్తకం సంచిలో పెట్టుకుని గబగబా వెళ్ళిపోయింది.

"అమ్మావ్! అమ్మేశావక్కా!" జూమాదిల్ గంతులేశాడు.

"ఏంటలా పాలిపోయావ్?" అన్నాడు ఇషెనాలీ అన్న.

చెప్పాను. జూమాదిల్ మొహం వెలిగిపోయింది. తనొక్కడే వెధవ కానందుకు. "నన్ను గాడిదన్నావ్! మేనమామ మనవరాలు! ఇది లెక్కలోకి రాదక్కా, రాదంతే."

"ఆ పిల్లకి తెలీదుగా," అన్నాడు ఇషెనాలీ అన్న మెల్లగా. "ఆవిడ కొన్నది నువ్వు పరాయిదానివనుకునే. నువ్వూ తెలీనట్టే ఉండు. సోమవారం ఫోన్ చేసి వేయమను. నీకు కావాల్సింది అదేగా."

నాకు కావలసింది అదే. నోట్లు గుప్పిట్లోనే ఉన్నాయి, రెండో నవల ఉన్నట్టే. కానీ ఆ పుస్తకంలో ఏముందో రాసినదాన్ని నాకు తెలుసు కదా. మా అమ్మ ఆడపిల్లగా ఉన్నప్పుడు మందతో సహా వరదలో చిక్కుకుంటే, గుర్రం మీద వెళ్ళి ఆమెను జుట్టు పట్టి లాగి ఏరు దాటించినవాడు సాతార్ మామ. ఆయన లేకపోతే అమ్మ లేదు, నేను లేను, నా నవల లేదు. ఆ కథను ఆయన మనవరాలికే వెల కట్టి అమ్మాను, చుట్టరికం మింగేసి. నాకు నా మీదే అసహ్యం వేసింది.

"ఎక్కడికి?" అన్నాడు జూమాదిల్.

"డబ్బు ఇచ్చేసి వస్తా."

"మరి రెండో నవల?"

"పోతే పోయింది," అన్నాను. అన్నంత తేలిగ్గా ఏమీ లేదు. దాని చివరి వాక్యం కోసం చలికాలమంతా పొయ్యి పక్కన కూర్చున్నదాన్ని.

సంత చివర ఆష్లాన్‌ఫు అమ్మే రేకుల షెడ్డులో దొరికింది. బల్ల మీద చల్లటి, పుల్లటి నూడుల్స్ గిన్నె, వెనిగర్ సీసాకు ఆనించి నిలబెట్టిన నా పుస్తకం. ఒక చేత్తో తింటోంది, ఇంకో చేత్తో పేజీ పట్టుకుంది. మిరపకారం పులుసు బొట్టు కాగితం మీద పడితే బొటనవేలితో తుడిచి, వేలు నాకి, చదువుతూనే ఉంది.

నేను వెనకే నిలబడిపోయాను. నా పుస్తకం చదువుతున్న మనిషిని నేను చూడడం అదే మొదటిసారి. అలా ఎంతసేపున్నానో. చివరికి ధైర్యం చేసి ముందుకు వెళ్ళి గుప్పిలి చాచాను.

"ఐగానిష్, తల్లీ, నేను నీకు పరాయిదాన్ని కాదు. సాతార్ మామ మా అమ్మకి..."

"తెలుసు పెద్దమ్మా," అంది తలెత్తకుండానే. "అక్కడ బల్ల దగ్గర నిలబడి చదివినప్పుడే తెలిసింది. ఆయన గుర్రం పేరు మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. చెప్తే మీరు డబ్బులు పుచ్చుకోరని ముందే చెప్పలేదు."

"అది కాదమ్మా, నీ దగ్గర..."

"పెద్దమ్మా, కూర్చోండి. తాత ఇంకా ఏట్లోనే ఉన్నాడు. ఒడ్డుకొచ్చేదాకా నన్ను కాస్త మాట్లాడించకండి."

పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడాలి, క్షేమం అడగాలి, పై పీట చూపించి టీ పోయాలి. చిన్నదానివై ఉండి నన్ను నోరు మూసుకోమంటావా అని ఇంకో రోజయితే ఆ షెడ్డు ఎగిరిపోయేలా అరిచేదాన్ని. ఆ రోజు చేతిలో నోట్లతోనే కూర్చున్నాను. నా జన్మలో నాకు ఎవరూ చేయనంత గౌరవం ఆ అమ్మాయి చేసింది. కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు కూడా తీయలేదు, చప్పుడవుతుందని.

ఇంతలో జూమాదిల్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అక్కా! ఇచ్చేశావా? ఏమంది? ఎక్కడా..."

"ష్! చదువుకుంటోంది."

పెళ్ళిపందిళ్ళలో ఆగని నోరు టక్కున ఆగిపోయింది. వాడు ఆ అమ్మాయి వంక చూశాడు, పుస్తకం వంక చూశాడు, నా తడి మొహం వంక చూశాడు. బల్ల మీదికి వంగి, నా చెవిలో గుసగుసగా అడిగాడు.

"చుట్టమేగా మరి. లెక్కలోకి రాదుగా. ప్రెస్సాయనకేం చెప్తావు?"

"వేయమని చెప్తాను," అన్నాను. "నువ్వు కాస్త పక్కకి జరుగు, ఆ పిల్లకి వెలుతురు అడ్డొస్తున్నావ్."