తొట్టిలోకి వచ్చిన వాస్తు చేప

పొద్దున్నే తొట్టి లైటు వేసిన పుష్పమ్మకు రెండు బంగారు చేపలు పక్కకు ఒరిగి నీళ్ల మీద తేలుతూ కనిపించాయి. ఒకదానికి తోక లేదు. ఇంకోదానికి కన్ను లేదు. మిగిలిన రెండూ ఓ మూల ఒకదాన్నొకటి ఒరుసుకుని నక్కాయి. తొట్టి నడుమ, నెత్తి మీద నిమ్మకాయంత బొడిపెతో, నిన్న సాయంత్రం మొగుడు తెచ్చిన వాస్తు చేప ఒక్కటే షికారు చేస్తోంది.

"ఏందిది?" అని అరిచింది.

యాదన్న లుంగీ సర్దుకుంటూ వచ్చి చూశాడు. "కొత్తగద. జెర అలవాటైతే అన్నీ కలిసిపోతయ్."

"సచ్చినయి ఎట్ల కలుస్తయ్?"

అతను మొహం కడుక్కోవడానికి పోయాడు.

మూడేళ్ల కిందట ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో కాలి మీద డ్రమ్ము పడి పుష్పమ్మ నాలుగు నెలలు మంచానికి అతుక్కుపోయింది. అప్పుడు తోటి పనివాళ్లు తెచ్చిచ్చిన తొట్టి అది. లక్డారంలోని ఆ చిన్న ఇంట్లో ఆ నాలుగు నెలలూ ఆమెతో కాలక్షేపం చేసినవి ఆ నాలుగు చేపలే. కాలు నయమై మళ్లీ ఫ్యాక్టరీకి పోతున్నా, షిఫ్టు దిగి రాగానే ముందు వాటికి మేత, ఆ తర్వాతే తనకు చాయ్. యాదన్నకు అవి ఎన్నడూ పట్టలేదు. ప్లాట్ల బేరాల్లోకి దిగాక మాత్రం, ఈశాన్యంలో బొడిపె చేప ఉంటే కలిసొస్తుందని ఎవరో చెప్పారట.

ఆ సాయంత్రం ఆమె పటాన్‌చెరులోనే బస్సు దిగి మొగుడు ఆ చేపను కొన్న షాపుకు పోయింది. సంగతి విని షాపు మల్లేష్ తల పట్టుకున్నాడు.

"అన్నకు చెప్పిన అక్కా. గది ఒంటి చాప, తొట్టంత తనదే అనుకుంటది, ఇంకొకటి కండ్లవడితే సంపుతది అని. ఇంట్ల ఖాళీ తొట్టి ఉన్నదన్నడు."

ఖాళీ తొట్టి! ఇల్లు చేరేదాకా ఆ మాట ఆమెను సూదిలా పొడుస్తూనే ఉంది.

మల్లేష్ ఇచ్చిన చిల్లుల ప్లాస్టిక్ షీటును కొలత ప్రకారం కోసి, తొట్టి నడుమ అడ్డంగా బిగించింది. ఇవతలి చేపలు దాని కంట పడకుండా రాళ్లు పేర్చి, ప్లాస్టిక్ మొక్కలు గుచ్చింది. అయినా అది బొడిపెతో షీటును ఠక్కు ఠక్కుమని గుద్దుతూనే ఉంది. బంగారు చేపలు నాలుగు రోజులు మూల వదల్లేదు. ఐదో రోజు మేతకు పైకొచ్చాయి. పుష్పమ్మ అప్పుడే కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం ఆమె షిఫ్టు నుంచి వచ్చేసరికి షీటు గోడకు ఆనించి ఉంది. తొట్టిలో బంగారు చేపల్లో ఒక్కటే మిగిలింది.

"రెండోదేది?"

"సచ్చింది, మోరీల ఏసిన," అన్నాడు యాదన్న ఫోన్‌లోంచి తలెత్తకుండా. "ప్లాటు చూసెటోళ్లు ఇంటికొచ్చిండ్రు. గా తడక అడ్డంగుంటే మంచిగుంటదా? తీసిన. మళ్ల పెట్టుడు మర్సిన. చాప కోసం గింత లొల్లా? బలమున్నది బతుకుతది."

పుష్పమ్మ ఒళ్లంతా భగ్గుమంది. వల తీసుకుని తొట్టిలో చెయ్యి పెట్టింది. వాస్తు చేప ఎదురు తిరిగి వేలు కొరికింది. రక్తం కారుతున్నా వదల్లేదు. వలలో పట్టి బకెట్లో వేసి, స్నానాల గది పక్కన నీళ్లు నిలవబెట్టే నీలం డ్రమ్ములోకి వంపింది.

"ఏయ్! ఈశాన్యంల ఉండాలె గది!" యాదన్న లేచి వచ్చాడు.

"దాన్ని నేనేమంటలేను. దాని గుణమే అంత. నీకేమైంది? మల్లేష్ చెప్పిండు, తెలిసే తెచ్చినవు. అడ్డం ఎందుకు పెట్టిన్నో ఎరికే, అయినా తీసినవు. నేను మంచంల పడ్డప్పుడు నా మొకం చూసినవి గవి. నువ్వా? గడప కాడ నిలవడి 'ఎట్లుంది' అని అడిగి పోతుంటివి. గా తొట్టి నీకు ఖాళీగ కనవడ్డదా?"

"నోరు బాగ లేస్తున్నది."

"లేస్తది. ఇంకో తొట్టి తెస్తవా, డ్రమ్ముల ఉంచుకుంటవా, నీ ఇష్టం. ఈ తొట్టి మీద చెయ్యి పడితే మాత్రం ఊకోను."

మూడు రోజులు వాస్తు చేప నీలం డ్రమ్ములోనే ఉంది. నాలుగో రోజు యాదన్న ఆటోలో కొత్త తొట్టి తెచ్చాడు. గాలి మోటరు ఎట్ల పెట్టాలని అడిగితే, "మల్లేష్‌ని అడుగుపో" అంది. అతనే తంటాలు పడి ముందు గదిలో దాన్ని నిలబెట్టుకుని, వాస్తు చేపను అందులోకి మార్చుకున్నాడు.

"నీకు కూడ ఇంకో మూడు బంగారు చాపలు తేవాల్నా?" అన్నాడు మెల్లగా.

"నువ్వు తేకు."

మిగిలిన ఆ ఒక్క బంగారు చేప వారం రోజులు రాయి చాటునుంచి కదల్లేదు. వేలి గాయం మానింది కానీ, ఆ చేపను చూసినప్పుడల్లా పుష్పమ్మ మొగుడి మీద పళ్లు పటపటా కొరికేది. తొమ్మిదో రోజు అది బెదురుతూ పైకొచ్చి రెండు గింజలు మింగింది.

యాదన్న వెనక నిలబడి, "తిన్నదా?" అన్నాడు.

పుష్పమ్మ అతనివైపు తిరగలేదు. ఇంకో చిటికెడు మేత వేసి, మూత పెట్టింది.