మేకు పక్కన పసుపు వేళ్లు

గది తలుపు తీసేసరికి మేకుకు వేలాడదీసిన మూట లేదు. రాజారాం గది మూలమూలా వెతికాడు. అందులో ఉన్నవి అతని తల్లి అస్థికలు. రేపు పొద్దున్నే బాసర రైలెక్కి గోదావరిలో కలపాలి.

ఆమె పుట్టింది ఈ ఇందూరులోనే. పోయేదాకా ఖిల్లా గుట్ట ముచ్చటే. దాన్ని ఒక్కసారి కళ్లారా చూద్దామని హైదరాబాదు నుంచి వస్తూ మధ్యాహ్నం ఇక్కడ దిగాడు. గుట్ట మీద గుడి ఉంది కనుక మూట వెంట తీసుకుపోలేదు. అసలు సంగతి చెబితే బస ఇవ్వరని, ఇంటాయన ఆశన్నతో ‘విత్తనాలు’ అన్నాడు.

మేకు పక్కన సున్నపు గోడ మీద పసుపు వేళ్ల గుర్తులు!

తనను గుట్టకు తీసుకెళ్లి ఇప్పుడే వీధిలో దింపిన టాంగా వెంకటి గుర్తొచ్చాడు. దారి పొడుగునా ఒకటే ఆరా. “మూటేది సారూ? రైలు దిగినప్పుడు సంటిపిల్ల లెక్క వట్టుకుంటిరి.” తను కోట గోడ మీద నిలబడి బోధన్ రోడ్డు మీద చెరకు బండ్ల బారు చూస్తున్నప్పుడు వాడు కాసేపు కనబడలేదు కూడా.

రాజారాం వీధిలోకి ఉరికి వెంకటి చెయ్యి పట్టి తిప్పాడు. అరచెయ్యి పచ్చగా ఉంది.

“ఈ పసుపేంది?”

“బస్తాలు మోసే చెయ్యి పచ్చగుండక నల్లగుంటదా? గా చాయ్ దుకాణపాయన చేతులు సూడు. గా పోలీసాయనయి గూడ సూడు, ధైర్యముంటె.”

నిజమే. పసుపు మార్కెట్ నడిచే రోజులు. ఊరంతా పచ్చటి చేతులే.

తిరిగొచ్చి ఆశన్నను నిలదీశాడు.

“మూటనా? ఎలుకలు గుంజుకపోయినయేమో సారూ.”

“మా ఇంట్ల ఎలుకలెక్కడియి? ఉన్నదల్ల నువ్వే,” వంటింట్లోంచి అతని భార్య హన్మవ్వ చురక అంటించింది. వెనక గదిలో పసిబిడ్డ ఏడ్చింది.

అప్పుడు చూశాడు రాజారాం. మధ్యాహ్నం తన పెట్టె మోసిన ఆశన్న చేతులు అందరిలాగే పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు తోమి తోమి ఎర్రబడ్డాయి. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. బంగారమని ఎత్తుకుపోయినవాడు తలస్నానం చెయ్యడు. అస్థికలు ముట్టినవాడే చేస్తాడు.

“పొద్దుగూకంగ తలకెందుకు పోసుకున్నవు ఆశన్నా?”

ఆశన్న వంటింటి వైపు చూసి, అతన్ని వాకిలి చివరకు లాక్కుపోయి గొంతు తగ్గించాడు.

“నేనే తీసిన సారూ. గది ఊడ్వబోతె ముడి సడలి సేతి మీద బూడిద రాలింది. ఇత్తనాలంటిరి. ఇంట్ల మా బిడ్డ పచ్చి బాలింత. మా ఆడామెకు తెలిస్తె ఇద్దర్నీ ఇంట్లకెల్లి ఎల్లగొడ్తది, మిమ్మల్ని ముందుగాల, నన్ను ఎనుక. గందుకే దాని ముందట బుకాయించిన. ఊరవతల తుమ్మకొమ్మకు, కుక్కలకందకుంట గట్టిన. పొద్దుగాల టేషన్‌కాడ మీ సేతుల వెడ్దామనుకున్న. చీరముక్కల గట్టింది జూసి ఆడమనిషే అనుకున్న. ఊదుబత్తి ముట్టించి జెప్పిన: అవ్వా, కోపం జెయ్యకు, ఇంట్ల పసిగుడ్డు ఉన్నది, గీ ఒక్క రాత్రి బయట పండుకో అని. నా కండువ గూడ గక్కడ్నే కప్పొచ్చిన. ఏ ఊరి అవ్వనో ఏమో, మా ఊరికి సుట్టమై అచ్చె.”