గ్వాటెమాలా రెయిన్‌కోటు

భర్త సూట్‌కేసు అడుగున పంకజాక్షికి ఆడమనిషి రెయిన్‌కోటు దొరికింది.

మునిశేఖర్ గ్వాటెమాలా నుంచి వచ్చి మూడు రోజులైంది. మాసిన బట్టలు ఉతుకుదామని ఆమె పెట్టె తెరిచింది. ఆకుపచ్చ కోటు. మగాడికి చాలని చేతులు, సన్నటి నడుము. ఆయన పొట్టకు ఏ మూలకూ రాదు. మడత కూడా విప్పలేదు. ఎవరికో ఇద్దామని కొని, ఇచ్చే సందు దొరక్క దాచాడా?

హేమశ్రీ. ఇంకెవరు? తిరుపతిలో పక్షుల మీద పరిశోధన చేసే పిల్ల. ఈ జిల్లాల నుంచి ఆ ప్రయాణానికి పోయింది వాళ్ళిద్దరే. పాడుబడిన మాయా గుళ్ళూ, వాటిని మింగిన వానాకాలపు అడవీ, ఆ అడవిలో పిట్టలూ. పదిహేను రోజులు. "ఆ టూకన్ ముక్కు చూడు మే, మామిడికాయంత!" అని ఫోన్లో బొమ్మ చూపించాడు. పంకజాక్షి పిట్టను చూడలేదు. దాని కింద, గుడి మెట్ల మీద, వానలో తడుస్తూ నవ్వుతున్న హేమశ్రీని చూసింది. కుళ్ళు ఆ పిల్ల మీదో, ఆ టూకన్ మీదో, ఆ వాన మీదో ఆమెకే తెలియలేదు. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

పిట్టలంటే ఆమెకూ ప్రాణమే. ఆదివారం ఆదివారం చిత్తూరు నుంచి మొదటి బస్సుకు చంద్రగిరి కోటకు పోయి, మునిశేఖర్ తన క్లబ్బు వాళ్ళకు పక్షుల పాఠం చెబుతాడు. నాలుగు గిన్నెల క్యారియరు మోసేది ఆమె. అందరూ పులిహోర తిన్నాక కూలిన గోడ నీడలో కూర్చుని, ఖాళీ గిన్నెలు పరిచి, పిట్టకొక చింతగింజ వేసేది. చిలకలకో గిన్నె, పికిలిపిట్టలకో గిన్నె, పాలపిట్టలకు మూత. కంటికి కనబడనివి గొంతును బట్టి, పేరు పైకి అంటూ. ఇంటికొచ్చి అంట్లు తోమాక ఆ లెక్క, దేశదేశాల పక్షుల లెక్కలు పోగుచేసే ఒక సంస్థకు ఫోన్లో పంపేది. "నాకు ఫారాలు నింపే తీరిక యాడుండాది? నీ పేరుతోనే పంపు" అన్నాడాయన ఆరేళ్ళ కిందట. జవాబులు ఇంగ్లీషులో వచ్చేవి కనక చదవడం మాత్రం ఆయన పని. "పిట్టల్ని లెక్కబెడితే ఎసురు కాగతాదా?" అనేది అత్త భారతమ్మ. అందుకని ఎసురు పెట్టాకే లెక్కబెట్టేది.

ఈ సాయంత్రం క్లబ్బులో ఆయన ఉపన్యాసం. నలభై మందికి వడలు. "ఆటోలో పంపించు. నువ్వు రాబళ్ళేదు" అని చెప్పి పోయాడు. "హేమశ్రీ వస్తా ఉండాది" అని కూడా చెప్పాడు.

పిండి చేతులతోనే పంకజాక్షి ఫోన్ తీసింది.

"నీ కోటు మా ఇంట్లో ఉండాది. వచ్చి తీసుకుంటావా, నన్నే తెచ్చియ్యమంటావా?"

"ఎవురు... పంకజాక్షక్కా? లేచి తిరగతా ఉండారా? నడుము ఎట్లుండాది ఇప్పుడు?"

"నా నడుముకేం రోగం?"

"మీరు మంచం పట్టినారని సార్ చెప్పినారే! ఆ లెక్కల సంస్థ వాళ్ళు పిలిచింది నన్నూ, మిమ్మల్నీ కదక్కా. కోట మీద మీ ఆరేళ్ళ లెక్కలు చూసి. మీ బదులు సార్ వచ్చినారు. ఆ కోటు నాది కాదు. మీ కొలతలకు వాళ్ళు తెప్పించిందే. మొదటి దినం భోజనాల కాడ మీ కుర్చీ మీద పెట్టినారు, మీ పేరు చీటీతో."

పంకజాక్షి పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని కోటు తొడిగింది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి. నడుము దగ్గర ఒక్క వేలు కూడా వదులు లేదు. పొద్దున్నుంచి తాను పళ్ళు నూరింది ఈ కొలతల ఆడదాని మీదే.

బయట మే నెల ఎండ. మబ్బు తునక లేదు. రెయిన్‌కోటు వేసుకుని బజారులో నడిచే మనిషిని జనం తిరిగి తిరిగి చూశారు. చూడనీ అనుకుంది.

హాల్లో తెర మీద మాయా గుడి. "అప్పుడు నేను తలెత్తి చూసినా..." అంటున్న మునిశేఖర్ ఆమెను చూసి ఆగాడు.

"వడలేవి మే?" అన్నాడు.

"పిండి ఇంట్లో ఉండాది." ఆమె ముందు వరసలో, హేమశ్రీ పక్కన కూర్చుంది. "కానియ్యండి. నేనూ వింటా. పిలుపొచ్చిన కాడి నుంచి చెప్పండి."

ఆయన హేమశ్రీని చూశాడు. ఆ పిల్ల తల తిప్పుకోలేదు. ఆయన చేతిలోని మైకు కిందపెట్టాడు.

"పిలుపు ఈమెకొచ్చిందప్పా. నాకు కాదు. ఆ దినం సంబరంగానే ఫారం నింపినా. బీరువాలోంచి ఈమె జాకెట్టు తీసి కొలిచి, కోటు సైజు రాసింది నేనే. పంపినాక ఆ పిలుపు ఇంగొకసారి సదివినా. నా పేరు యాడా లేదు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో పిట్టల మాస్టరంటే నేనే కదా! ఈమెకు నడుము పడిపోయిందని, బదులు నేనొస్తానని మళ్ళా రాసినా. ఆడ అడవిలో తలమీద ఏది కూసినా, ఏ పిట్టని అందరూ నన్నే అడిగినారు. ఒక్కటీ చెప్పలేకపోయినా. ఈడ చెప్పేదంతా గోడ కింద నుంచి ఈమె అందిస్తా ఉంటే చెప్పినాను. ఎందుకు చేసినానంటారా? కుళ్ళప్పా. పెండ్లాం మీద కుళ్ళు."