అమ్మ పావడాలో పారిపోయినవాడు

శనివారం ఆడవాళ్ల ములాకత్. లీమా నగరపు జైలు గేటు ముందు పొద్దున్నే వరస కట్టిన వాళ్లందరూ పావడాల్లోనే ఉన్నారు. ప్యాంటు వేసుకొస్తే లోపలికి రానివ్వరు మరి. ఎర్మెలిందా వంతు రాగానే వార్డరమ్మ ఆమె ముంజేతి మీద ఊదారంగు ముద్ర కొట్టి, దాని కింద నూట నలభై రెండు అని అంకె వేసింది. సాయంత్రం ఆ ముద్ర చూపిస్తేనే బయటికి వదులుతారు.

లోపల ఉన్న ఆమె కొడుకు నిల్టన్ క్షయతో సగమైపోయాడు. విచారణ ఇప్పటికి నాలుగుసార్లు వాయిదా పడింది. ఐదోసారి దాకా వాడు బతికుంటాడా అన్నదే ఆమె భయం. ఇంటినుంచి తెచ్చిన కోడికూర రెండు ముద్దలు తిని పక్కన పెట్టేశాడు.

ఆవేళ ఖైదీలు బ్యారక్ వసారాలో టీవీ పెట్టి సినిమా వేశారు. అందులో హీరో చెంచాతో జైలు గోడ తవ్వుతాడు, మురుగుకాలవలో మైలు దూరం ఈదుతాడు, జుట్టు మాత్రం చెదరదు. చివరికి తల్లి పావడా కట్టుకుని, కాపలావాడికి కన్నుకొట్టి మరీ దర్జాగా నడిచిపోతాడు.

"ఒరేయ్, అంతలేసి మీసాలు కనపళ్లేదట్రా వాళ్లకి!"

"మీసాల సంగతి సరే, చేతిమీద ముద్రేదిరా నాయనా?"

ఖైదీలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నిల్టన్ కూడా నవ్వబోయి దగ్గుతెరలో పడ్డాడు. ఎర్మెలిందా ఒక్కతే నవ్వలేదు. పిచ్చితల్లి, ముద్ర సంగతి తప్ప మిగతాదంతా నమ్మేసింది.

కొడుకు మంచం దగ్గర దుప్పటి అడ్డం లాగి, తన ముంజేతిని ఉమ్మితో తడిపి వాడి చేతికి అదిమింది.

"ఏం చేస్తున్నావే అమ్మా?"

"నోర్మూసుకో. నా పావడా కట్టుకుని, శాలువా కప్పుకుని పో. నేనిక్కడుంటా. ముసలిముండని, నన్నేం చేస్తార్రా?"

నిల్టన్ చెయ్యి చూసుకున్నాడు. అంకెలన్నీ అద్దంలోలా తిరగబడ్డాయి. వాడు కోప్పడలేదు. బొటనవేలితో మెల్లగా తుడిచేసుకున్నాడు.

"నువ్విక్కడుంటే నాకు కూరెవరు తెస్తారమ్మా?" అన్నాడు.

అయినా ఆమె శాలువా వాడి మంచం మీదే వదిలి వచ్చింది, తర్వాతైనా మనసు మార్చుకుంటాడేమోనని.

గేటు దగ్గర వార్డరమ్మ ఆమె చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదేం ముద్రమ్మా, అంతా అలికేసినట్టుంది? లోపల తలలు లెక్కపెట్టేదాకా ఆ బల్లమీద కూర్చో."

ఎర్మెలిందా కూర్చుంది. లోపల్నుంచి ఒక్కో పేరూ పిలవడం వినిపిస్తోంది. ఒక్క తల తగ్గేటట్టు చూడు తండ్రీ అని మొక్కుకుంది. తగ్గితే తనని లోపల వేస్తారని తెలుసు. వేస్తే వేయనీ అనుకుంది.

గంట తర్వాత వార్డరమ్మ వచ్చింది. "అందరూ ఉన్నారు. ఇక నువ్వు వెళ్లొచ్చు."

ఎర్మెలిందా గేటు ఊచలు పట్టుకుని భోరుమంది.

వార్డరమ్మ విస్తుపోయింది. "ఇంకా ఏడుపెందుకు తల్లీ? వదిలేశాంగా!"