పక్కగది తాళం

భోజనాలయ్యాక తన ప్లేటు తనే కడుక్కుంటూ, "ఏంటి, నువ్వు కూడా ఆ టీచరమ్మలాగా మా అమ్మ తొందరగా పోతే బాగుండుననుకుంటున్నావా?" అన్నాడు భర్త, నవ్వుతూనే. అత్తగారి పక్కబట్టలు మూడోసారి మార్చి వచ్చి, ఆమె నడుం పట్టుకుని కుర్చీలో కూలబడినందుకు వేసిన జోకు అది. అతని జోకులకి ఆమె నవ్వు మాట పూర్తికాకముందే బయల్దేరుతుంది, పదకొండేళ్ళ అలవాటు. ఇవాళ మాత్రం సగం దారిలో ఆగిపోయింది. టీచరమ్మ సంగతి ఇతనికెలా తెలుసు?

టీచరమ్మని ఆమె కూడా ఎప్పుడూ చూడలేదు. మంచం పట్టినవాళ్ళని ఇంట్లో చూసుకునే ఆడవాళ్ళ కోసం తను నడిపే ఆన్‌లైన్ గ్రూపులో అదొక మారుపేరు. గ్రూపు పేరు పక్కగది. అత్తగారికి పక్షవాతం వచ్చిన ఏడాది, ఒక చేత్తో ఆవిడకి స్పూనుతో నీళ్ళు పడుతూ ఇంకో చేత్తో ఫోనులో మొదలుపెట్టింది. ఇప్పుడు నాలుగు వేలమంది. మాటామాటా అనుకున్నవాళ్ళని విడదీయడం, బూటకపు మందులు అమ్మజూపేవాళ్ళని ఏరి బయటపెట్టడం, చచ్చిపోవాలనుందని రాసిన పిల్లని మాటల్లో పెట్టి కూర్చోబెట్టడం, అన్నీ ఆమె పనులే. ఇంట్లో వాటన్నిటికీ కలిపి ఒకటే పేరు, టైంపాస్. ఫోను చేతిలో ఉంటే వదినకి కొంపంటుకున్నా తెలీదంటుంది ఆడపడుచు. గ్రూపు మొదటి పేజీలో ఆమె రాసిన వాక్యం ఒక్కటే: ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది. దాన్ని నమ్మే టీచరమ్మ ఎనిమిది రోజుల కిందట ఆమె ఒక్కదానికే ఉత్తరం రాసింది. నెలంతా తన మామగారు పోతే బాగుండునని కోరుకుందట. ఆయన పోయిన పొద్దున ఏడుపు రాలేదట, ఆకలేసిందట. మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేనక్కా, అని రాసింది.

అతను కంప్యూటర్ల మనిషి. గ్రూపు పెరిగి సొంత సైటయ్యాక దానికి సర్వర్ ఏర్పాటు చేసింది అతనే, అన్ని తలుపులూ తెరిచే పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉండిపోయింది. నీకెందుకా తలనొప్పి, నేను లేనూ, అన్నప్పుడు ఆమె మురిసిపోయింది కూడా. తర్వాత అవసరం కొద్దీ ఆ పనులన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంది. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చి ఏం తెరిచారో సర్వర్ రాసిపెట్టుకుంటుందని ఆమెకి తెలుసు. సొంతింట్లో ఎవరూ వేలిముద్రలు వెతకరు కదా, ఆమె కూడా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి చూసింది. వారానికి నాలుగైదుసార్లు అతనే. మూడేళ్ళ నుంచి.

అప్పుడు ఆ కడిగిన ప్లేటు ఇంకోలా కనిపించింది. మూడు వారాల కిందట ఆమె వేరే మారుపేరుతో, మామూలు సభ్యురాలిలా, తన కడుపులోది రాసుకుంది. ఈయన తిన్న ప్లేటు అక్కడే వదిలేస్తాడని, ఆరేళ్ళలో కన్నతల్లిని ఒక్కసారి పక్కకి తిప్పి పడుకోబెట్టలేదని, ఎలా ఉన్నావని అడగడని. ఆ వారంలోనే అతను ప్లేటు కడిగాడు. తల్లి భుజం కింద చెయ్యి పెట్టి తిప్పాడు. ఒక సాయంత్రం టీ ఇచ్చి, ఎలా ఉన్నావని అడిగాడు కూడా. ఆమె పొంగిపోయి మావారు మారారని గ్రూపులో రాస్తే అరవైమంది సంతోషించారు, ఒకావిడ మీ ఆయన్ని మా ఇంటికి ఓ వారం పంపండంది. ఆ మూడు వారాలూ ఇప్పుడు మళ్ళీ ఒక్కొక్కటిగా తలుచుకుంది. తను రాసిన వరసలోనే చేశాడు, ఒకటి తర్వాత ఒకటి. పోనీ మంచే కదా జరిగింది, అంటోంది మనసులో ఒక గొంతు. ఆ గొంతు అతనిది కాదు, ఆమెదే. అందుకే ఎక్కువ భయమేసింది.

అడిగితే అతను దాచలేదు. మొదట్లో సర్వర్ నడుస్తోందో లేదో చూడ్డానికే వెళ్ళానన్నాడు. తర్వాత గొంతు పెంచాడు.

"చదవబట్టే కదా మారాను? నువ్వు నోరు తెరిచి చెప్తేగా నాకు తెలిసేది."

ఆమె ఎప్పుడో చెప్పింది. రెండుసార్లు. మొదటిసారి, అమ్మకి ఆడవాళ్ళ చెయ్యే అలవాటన్నాడు. రెండోసారి టీవీ సౌండు పెంచాడు. చెబితే వినని మనిషి దాచుకుంటే చదివాడు.

"సరే, తప్పే. పాస్‌వర్డ్ మార్చేసుకో, గొడవ వదిలిపోతుంది. వాళ్ళకి చెప్పావనుకో, నీ గ్రూపు నువ్వే కూల్చుకున్నట్టు. అందరూ పోతారు."

అది నిజమే, అదే బాధ. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పాస్‌వర్డ్ మార్చడం ఐదు నిమిషాల పని. చెబితే సగంమంది తలుపేసుకుని వెళ్ళిపోతారు, వాళ్ళకి వెళ్ళే చోటు ఇంకొకటి లేదు. చచ్చిపోవాలనుందన్న పిల్ల ఎక్కడికి పోతుంది? వాళ్ళ మేలు కోసమే చెప్పడం లేదనుకోవచ్చు. వాళ్ళ మేలు తనే నిర్ణయించొచ్చు. ఆ మాట దగ్గర ఆమె ఆగింది. అతను కూడా మూడేళ్ళుగా ఆమె మేలు కోసమే చదివాడు మరి.

ముందు పాస్‌వర్డులన్నీ మార్చింది. ఎవరి రాతలు వాళ్ళు పూర్తిగా చెరిపేసుకునే వీలు పెట్టింది. టీచరమ్మకి విడిగా ఉత్తరం రాసింది, అతను వేసిన జోకుతో సహా. అది రాయడానికి గంట పట్టింది. ఈలోపు లోపలి గదిలోంచి అత్తగారు మూలిగితే, మీ అబ్బాయిని పిలవండి, అని గట్టిగా చెప్పి కదల్లేదు. అతను వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆమె అందరికీ పంపే ప్రకటన రాస్తోంది.

వెనక నిలబడి చదివాడు. "మీ మాటల్నీ, నాకు రాసిన ఉత్తరాలనీ మూడేళ్ళుగా ఒకతను చదివాడు. అతను నా భర్త. తాళం అతనికిచ్చి తిరిగి అడగనిది నేను."

"టెక్నికల్ ప్రాబ్లమని రాయొచ్చుగా," అన్నాడు. గొంతు చిన్నదైంది. "భర్త అని ఎందుకు? వాళ్ళంతా నా గురించి ఏమనుకుంటారు?"

టీచరమ్మ ఏమనుకుంటుందో అతను అడుగుతాడేమోనని ఆమె కాసేపు ఆగి చూసింది. అడగలేదు.

"వాళ్ళే మిమ్మల్ని అడుగుతారు," అంది, ప్రకటన పంపేసి, కుర్చీలోంచి లేస్తూ. "కూర్చోండి. జవాబు మీరే రాయండి, మీ పేరుతో."